మామగారు కోరిన రీడర్

ఈ-బుక్ రీడర్ కావాలని మా ఆవిడను రెండుసార్లు అడిగి, రెండుసార్లూ చీవాట్లు తిన్నాను. మూడోసారి నాకు కావాలని అనలేదు. మామగారికి కావాలన్నాను. సిగ్గులేదా అని మీరు అడగవచ్చు. అప్పట్లో లేదు.

మామగారు మాతోనే ఉంటారు. జన్మంతా చేతిగడియారాలు బాగుచేసి, ఆ పని మానేశాక నవలల్లో పడ్డారు. ఈమధ్య ఆయన చూపుకి సరిగ్గా మధ్యలో మసక కమ్మింది. ఇక తగ్గదని కంటి డాక్టరు తేల్చేశాడు. ఆ రోజు ఆయన సగం చదివిన నవల మూసేసి, కళ్లజోడు పెట్టెలో పెట్టి, గోడకేసి తిరిగి కూర్చున్నారు. అన్నం కూడా సరిగా తినడం మానేశారు. మా ఆవిడ వంటింట్లో ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకుంటోంది. నేను సరిగ్గా అప్పుడే రీడర్ మాట ఎత్తాను.

“ఎలాంటిది కొనాలంటారు?” అంది అనుమానంగా.

“పల్చగా ఉండాలి, ఆఫీసు ఫైల్లో ఇమిడిపోవాలి. పక్కన పడుకున్నవాళ్లకి వెలుతురు తగలకూడదు.”

“నాన్నకి ఆఫీసెక్కడిది? ఆయన పక్కన పడుకునేదెవరు?”

నేను లేచి ఫ్యాను వేగం పెంచాను.

“చదువుకునేది ఆయన. ఆయన్నే అడుగుదాం పదండి.”

అడిగాం. “అక్షరాన్ని అరచేతంత చేసి చూపిస్తుంది మామయ్యగారూ!” అన్నాను.

“మసక అంతకంటే పెద్దది అల్లుడుగారూ.”

ఆ మాటకి నా ఊపు సగం దిగిపోయింది. అయినా ఆశ చావలేదు. “పైకి చదివి వినిపిస్తుంది కూడా!”

“విన్నాను ఆ గొంతు. పెళ్లికీ చావుకీ ఒకటే రాగం.” ఒక్కో వేలూ మడవడం మొదలుపెట్టారు. “నేను కునుకు తీస్తే తనే ఆగాలి. లేచాక ఎక్కడున్నామో చెప్పాలి. దుర్మార్గుణ్ణి నేను తిడితే తనూ రెండు తిట్లు కలపాలి. అలాంటిది దొరుకుతుందా?”

“ఇంకా తయారు కాలేదండీ.”

“మనింట్లోనే ఉంది నాన్నా,” అంది మా ఆవిడ. “కాస్త బరువెక్కువ. రెండు టీలు పోస్తే చాలు, ఛార్జింగ్ అక్కర్లేదు.”

ఇద్దరూ నావైపు తిరిగారు. “ఆఫీసు పని చాలా...” అని గొణిగాను.

“ఫైల్లో నవల పెట్టుకుని చదివేంత పనేగా?” అంది మా ఆవిడ.

ఆ సాయంత్రమే ఆయన ఆపిన చోటినుంచి మొదలుపెట్టాను. నాయిక ఏడుస్తుంటే టెండరు నోటీసు చదివినట్టు చదువుతున్నానట. “ఆ పిల్ల ఏడుస్తోందండీ, కాస్త కనికరించండి,” అన్నారు మామగారు. కనికరించాను. దుర్మార్గుడు వచ్చేసరికి ఇద్దరం కలిసి ఎడాపెడా తిట్టాం. భోజనానికి పిలిస్తే “ఈ పేజీ అవనీ,” అని ఆయన విసుక్కున్నారు. మా ఆవిడ ఆ విసుగు చూసి సంతోషంగా వెనక్కి వెళ్లింది.

నేను పేజీ తిప్పుతుంటే ఆయన మెల్లగా అన్నారు. “చూపు పోతుందంటే భయమేసింది అల్లుడుగారూ. దాంతోపాటు ఈ నవలల్లోవాళ్లంతా కూడా వెళ్లిపోతారనుకున్నాను.”

నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. వేలు మొదటి వాక్యం మీదే పెట్టి కూర్చున్నాను.

“అమ్మాయ్, ఇది ఆగిపోయింది!” అని కేకేశారు.

“నెత్తిన ఒక్కటివ్వండి నాన్నా, అదే నడుస్తుంది!” అంది వంటింట్లోంచి.

ఆయన చెయ్యి తడుముకుంటూ నా తలమీదికి వచ్చింది. కొట్టలేదు. అక్కడే ఉండిపోయింది. నేను ముక్కు ఎగబీల్చి తర్వాతి వాక్యం చదివాను.