వెర్లిన్ తుది కూర్పు

విస్కాన్సిన్‌లో ఇంటింటికీ ఉత్తరాలు పంచే వెర్లిన్‌కి ఒకటే పిచ్చి. తను కల్పించిన ‘కొండ కింద కొలువు’ అనే ఆట. బల్ల చుట్టూ చేరి, ఒకరు మంత్రగత్తెగా, ఇంకొకరు మరుగుజ్జు వీరుడిగా మారిపోయి, పాచికలు వేస్తూ కథ నడుపుతారు. మూడేళ్లు కూర్చుని నియమాలన్నీ తిరగరాశాడు. ఇక అట్ట మీద పేరు వేయడమే తరువాయి.

“తుది కూర్పు!” అన్నాడు భార్య మార్లిస్ ముందు ఛాతీ విరుచుకుని.

“పోయినసారి ‘సంపూర్ణ కూర్పు’ అన్నావుగా?”

“అప్పుడు మరుగుజ్జులకి ఈత పెట్టడం మర్చిపోయాను.”

“అయితే ‘ఈతతో సహా సంపూర్ణ కూర్పు’ అని వెయ్యి.”

వెర్లిన్‌కి ఒళ్లు మండింది. ఏ పేరు పెట్టాలో ఆదివారం ఆటకి వచ్చే ఇద్దరితో కలిసి ఓట్లేద్దాం అన్నాడు పైకి. లోపాయికారీగా మాత్రం ఆ ఇద్దరికీ, అంటే నార్బర్ట్ ఆడే మరుగుజ్జుకి మాయగొడ్డలి, లవాన్ ఆడే మంత్రగత్తెకి ఎగిరే గుర్రం లంచం ఇచ్చేశాడు.

“ఓటు ‘తుది కూర్పు’కే. మార్లిస్‌కి చెప్పారో, మీ ఇద్దరి మీదికీ డ్రాగన్‌ని వదులుతా!”

ఆదివారం మధ్యాహ్నం సాసేజీలు తిని ఆటకి కూర్చున్నారు. పావుగంటలో గొడవ. నార్బర్ట్ మరుగుజ్జు గొడ్డలితో సహా నదిలోకి దూకేశాడు.

“మునిగిపోయాడు,” అంది లవాన్.

“మాయగొడ్డలికి బరువేమిటి? పుస్తకం చూడు!” అన్నాడు నార్బర్ట్.

పన్నెండో పేజీ తేలతాడంది. నలభయ్యో పేజీ మునుగుతాడంది.

“మార్లిస్! వీడు బతికాడా, పోయాడా?” వంటింటి వైపు తిరిగి ముగ్గురూ ఒక్కసారే అరిచారు. అందులో వెర్లిన్ గొంతే పెద్దది.

మార్లిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. “గొడ్డలి వదిలేస్తే తేలతాడు. వదలనంటే మునుగుతాడు. వాడినే అడగండి.”

నార్బర్ట్ ఏడుపు మొహంతో గొడ్డలి వదిలేశాడు.

“దీనికి ‘మార్లిస్ కూర్పు’ అని పేరు పెట్టెయ్యండర్రా,” అంది లవాన్. “పేజీలు తిప్పే బాధ తప్పుతుంది!”

అందరూ నవ్వారు. పేరు రాసిన ఓటు చీటీలు నాలుగూ గిన్నెలో పడ్డాయి. లవాన్ ఒక్కొక్కటే విప్పింది.

“మార్లిస్ కూర్పు. మార్లిస్ కూర్పు. ఇదీ మార్లిస్ కూర్పే.”

“గొడ్డలి పోయాక నీతో నాకేం ఒప్పందం?” అన్నాడు నార్బర్ట్.

“నా గుర్రాన్నీ తీసేసుకో,” అంది లవాన్ నాలుగోది విప్పుతూ. “తుది కూర్పు.”

అది మార్లిస్ దస్తూరీ.

“నువ్వా?” అన్నాడు వెర్లిన్, నోరు తెరిచి.

“ఓడిపోతే వారం రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతావని వేశాను. అది సరే, ఆ మూడో చీటీ ఎవరిది?”

వెర్లిన్ చెవులు ఎర్రబడ్డాయి. వంచిన తల ఎత్తకుండా, “సాసేజీ ఇంకోటి ఉందా?” అన్నాడు.