ఎక్స్‌రే గదిలో ఉచ్ఛ్వాస విజయము

దగ్గులును తుమ్ములును మూలుగులును త్రివేణీసంగమమై ఘోషించు ఒకానొక సోమవారపు పూర్వాహ్ణమున, ఆసుపత్రికి పాతాళలోకమనదగిన నేలమాళిగయందు, సీసపు తలుపుల చాటున, పక్కటెముకల గుట్టు రట్టుచేయు ప్రచండుడు, కంకాళరహస్యవేది, ఎక్స్‌రే టెక్నీషియన్ అను మహావీరుడు కొలువుదీరి యుండెను.

ఆ వీరుని ఆజ్ఞకు తిరుగులేదు. పీల్చుమనిన లోకము పీల్చును, బిగబట్టుమనిన బిగబట్టును, వదలుమనిన గాని వదలదు. ఇట్లు పరుల ప్రాణవాయువులను ఏలుచు, తన ఊపిరిని మాత్రము ముక్కు కొసనే పీల్చి అక్కడనే వదలుచు, కోపమునకు కాణాచియై, ఆ ఉదయము చెప్పుల జతలో ఒకటి కనబడలేదని ఇల్లు పీకి పందిరి వేసి వచ్చెను.

అతడు గడప దాటుచుండగా అతని అర్ధాంగి కుట్టుమిషన్ ఆపి పలికినది: "ఊళ్లో అందరికీ ఊపిరి పీల్చమని చెప్తారు. మీరు సరిగ్గా పీల్చి ఎన్నాళ్లయింది? ఇవాళ పని మధ్యలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కటి, నిదానంగా పీల్చి వదలండి. మీ గొంతు వింటేనే పిల్ల మంచం కిందకి దూరుతోంది. ఇలాగే ఉంటే దాన్ని తీసుకుని మా అక్క వాళ్లింటికి పోతాను."

ఆ వాక్శరము గుండెలో దిగబడియుండగా, వీరుడు యంత్రము నెదుట నిలిచి ప్రతిజ్ఞ చేసెను: "ఓ కిరణయంత్రమా, వినుము! భాస్కరుడు పడమటికొండ చేరులోపల ఈ నాసికాద్వయమునకు ఒక సంపూర్ణశ్వాసమును ఆహ్వానించి, సగౌరవముగ సాగనంపనిచో, నేను ఎముకలు చూచినవాడనే కాను!"

యంత్రము కుయ్యిమనెను.

వీరుడు కనులు మూసెను. గాలి నాసికాద్వారమున అడుగిడెనో లేదో, ఫోను భేరీనాదము చేసెను. పైఅంతస్తు ఎముకల డాక్టరమ్మ! "ఆ మోకాలి ఫిల్మ్ ఏదయ్యా? ఇక్కడ పేషెంటు గోల తట్టుకోలేకపోతున్నా!" శ్వాసము వచ్చిన దారినే పలాయనము చిత్తగించెను.

రెండవమారు పట్టుదలతో గుండెలనిండ పీల్చెను. అదే క్షణమున గది తుడుచు ఆయమ్మ నేలపై ఫినాయిలు కుమ్మరించెను. వీరుడు దగ్గి దగ్గి బల్లపై వ్రాలెను. "అంత గట్టిగా పీలిస్తే ఎట్లా సార్? అది నేలకి!" అని ఆమె మందలించెను.

అంతట ఒక బామ్మ ఛాతీ ఎక్స్‌రేకు వచ్చి పలకకు రొమ్మానించి నిలిచెను. "పీల్చండి. బిగబట్టండి." వీరుడు అద్దము వెనుక మీట నొక్కెను, బొమ్మ పడెను. ఆ క్షణమున ఫోను మూగవోయెను, ఫినాయిలు ఆరిపోయెను, వరండాలోని దగ్గులన్నియు ఏకకాలమున సద్దుమణిగెను. ఇదియే ముహూర్తమని వీరుడు కనులు మూసి పీల్చెను. గాలి కంఠము దాటి, పక్కటెముకల నడవలు దాటి, ఏండ్లతరబడి తలుపు తీయని కడుపు గదిలోనికి దిగుచుండెను. ఆహా, ఏమి చల్లదనము!

హఠాత్తుగా జ్ఞప్తికి వచ్చెను. బామ్మను వదలుమనలేదు!

కనులు తెరచి చూడగా, అద్దమునకు ఆవల ఆ మహాసాధ్వి బుగ్గలు బూరెలై, కనుగుడ్లు వెలికివచ్చి, పలకను కావలించుకొని ఇంకను ఆజ్ఞాబద్ధయై యుండెను.

"వదలండమ్మా! వదిలేయండి!"

బామ్మ వదలిన గాలికి గోడమీది క్యాలెండరు రెపరెపలాడెను.

"ఇంతసేపూ ఎందుకు పట్టుకున్నారు?" అని గర్జింపబోవు వీరునితో ఆమె రొప్పుచు అనెను: "నువ్వు చెప్పకుండా ఎట్లా వదిలేది నాయనా? పోయినసారి కదిలానని ఎంత అరిచావు!"

గర్జన గొంతులోనే చచ్చెను. "తప్పు నాదేనమ్మా. ఒక్క ఊపిరి పీల్చుకుందామని కళ్లు మూసుకుని, మిమ్మల్ని మర్చిపోయాను."

"ఓస్, ఇంతేనా? కానీ, మళ్లీ పీల్చు. నేను కాపలా ఉంటాలే."

బామ్మ స్టూలుపై ద్వారపాలకురాలై కూర్చుండెను. ఫోను మ్రోగెను. ఆమెయే ఎత్తెను: "ఆయన ఊపిరి పీల్చుకోడానికి నానా తంటాలు పడుతున్నాడమ్మా. కాసేపాగి చెయ్యి."

అంతే! పైఅంతస్తు అట్టుడికెను. స్ట్రెచర్ రథమై, ఆక్సిజన్ సిలిండరు గదయై, స్టెతస్కోపు పాశమై, డాక్టరమ్మ సేనానిగా శ్వేతాంబరసైన్యము మెట్లపై విరుచుకుపడెను. ఇచట బామ్మ, "పీల్చు... తొందరేం లేదు, నిండుగా పీల్చు..." అనుచుండగనే తలుపులు భళ్లున తెరచుకొనెను.

"ఏమైంది? ఊపిరాడట్లేదా?"

వీరుడు కనులు తెరవక చూపుడువ్రేలెత్తెను. సేన నిలిచిపోయెను. అతడు వదలెను. నిదానముగ, నిబ్బరముగ, చిట్టచివరి పిసరు వరకు వదలెను. పిదప కనులు తెరచి చిరునవ్వుతో అనెను:

"ఇప్పుడే ఆడింది మేడమ్."

డాక్టరమ్మ పాశమును మరల మెడలో వేసికొనెను. వచ్చిన రథము వట్టిగా పోరాదని దానిపై బామ్మను ఎక్కించి పంపిరి. వీరుడు ఇంటికి ఫోను చేసెను.

"అయ్యిందోయ్. ఒకటి."

"ఒక్కటేనా?"

"ఒక్కటే. కానీ పూర్తిగా."

కుట్టుమిషన్ చప్పుడు ఆగెను. "సరే. సాయంత్రం తిన్నగా ఇంటికి రండి. మేం ఉంటాం."

వినుడు జనులారా! ఆ దినమున, ఆ నేలమాళిగలో, ఎనుబది కిలోల ఒక మహావీరుని లోనికి ఒకే ఒక్క ఊపిరి పోయినది. ఎవ్వరిని తిట్టకుండ బయటికి వచ్చినది!