కిర్రయ్య ఆగిన చోటు

ఒక పెద్ద అడవిలో ఏనుగును మించిన కీచురాయి ఒకటి ఉండేది. అది కటౌట్. అసలు కీచురాయి చింతగింజంత ఉండేవాడు. పేరు కిర్రయ్య. పాటగాడు.

అతని పాటలో ఒకటే స్వరం. పొద్దు వాలగానే అందుకుని, ఎక్కడా ఆగకుండా కిర్రుమనేవాడు. అడవి ఊగిపోయేది. ‘నాదప్రళయ’ అని బిరుదిచ్చారు. అభిమాన సంఘం వెలిసింది. దానికి అధ్యక్షుడు ఎలుగుబంటి. కచేరీకి ముందు కటౌట్‌కు తేనెతో అభిషేకం చేసేది కూడా ఎలుగుబంటే. అందులో కటౌట్‌కు ఎంత చేరేదో ఎవరూ అడగలేదు.

ఈలల బాధ్యత కోతులది. పాట మొదలైన క్షణం నుంచి ముగిసేదాకా ఈల ఆగకూడదని సంఘం నియమం. అందుచేత కిర్రయ్య పాట ఎలా ఉంటుందో అతని అభిమానుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు.

కిర్రయ్యకు ఒక దిగులుండేది. కీచురాళ్ళు పాడేది పేరు కోసం కాదు. గడ్డిలో ఎక్కడో ఉన్న ఆడ కీచురాయి ఆ పాట విని, ఆకులు కదుపుకుంటూ దగ్గరకొస్తుందని పాడతాయి. అతని తండ్రి బిరుదులేమీ లేకుండా పాడి ఒక ఇంటివాడయ్యాడు. కిర్రయ్యకు అడవినిండా అభిమానులే. ఆకు కదిలిన చప్పుడు మాత్రం ఒక్కనాడూ వినలేదు. కదిలినా ఆ ఈలల్లో వినబడే వీలు లేదు.

ఒకరోజు తన వ్యవహారాలు చూసే నక్కతో చెప్పాడు.

“ఇకనుంచి పాట మధ్యలో కాసేపు ఆగుతాను.”

“దాహమా?”

“కాదు. వినడానికి.”

“ఏం వినడానికి?”

“ఎవరైనా వస్తున్నారేమోనని.”

“అందరూ వచ్చాకే కదయ్యా మనం మొదలుపెట్టేది” అంది నక్క.

ఆ సాయంత్రం కిర్రయ్య పాట మధ్యలో ఆగాడు. కోతులకు ఏమీ తోచలేదు. అన్న పాట మరిచిపోయాడని అర్థం చేసుకుని, అతని పరువు కాపాడటానికి రెట్టింపు ఈలలు వేశాయి. ఆ ఈలల కింద ఏ ఆకైనా కదిలిందో లేదో కిర్రయ్యకు తెలియలేదు.

మర్నాడు ఎలుగుబంటి నక్క గుహకు వచ్చింది.

“నక్కగారూ, మీవాడికి ఏమొచ్చింది? నా ముగ్గురు పిల్లలకూ కిర్రయ్య అనే పేరు పెట్టాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవమంటారు?”

“కాస్త కొత్తగా ప్రయత్నిస్తున్నాడు.”

“కొత్తదనం కావాలంటే కొత్తవాళ్ళ దగ్గరికి పోమా? ఆయన దగ్గరికి వచ్చేదే పాతదాని కోసం.”

ఇలా వదిలేస్తే కటౌట్ కూలుతుందని నక్కకు అర్థమైంది. నేరుగా ‘అడవి వార్త’లో సంగీతం మీద రాసే గుడ్లగూబ దగ్గరకు పోయింది. గుడ్లగూబ ఆ కచేరీకి వెళ్ళలేదు. అందుకని ఏ పక్షానికీ మొగ్గకుండా రాసింది: ‘కిర్రయ్య ఇంతవరకు పాడినవాటిలోకెల్లా గొప్పది, నిన్న పాడనిది.’

అది అచ్చయ్యాక అడవి తీరే మారిపోయింది.

“ఆయన ఆగినప్పుడు నాకు చచ్చిపోయిన మా అమ్మమ్మ కనబడింది” అంది అడవిపంది.

“నేను మొదటిరోజే అన్నాను” అంది ఎలుగుబంటి.

సంఘం అత్యవసరంగా సమావేశమై నియమం సవరించింది. ఇకమీదట కచేరీలో చప్పుడు చేసినవాళ్ళను బయటికి పంపేస్తారు. ఆ పని కూడా కోతులకే అప్పగించారు. ఈల వేసిన ఉత్సాహంతోనే అవి ఒకదాని నోరు ఒకటి మూయడం నేర్చుకున్నాయి. తర్వాతి కచేరీకి ‘మహామౌనం’ అని పేరు పెట్టి, రెక్కలు ముడుచుకున్న కొత్త కటౌట్ నిలబెట్టారు.

కిర్రయ్య సంబరపడ్డాడు. ఆ సాయంత్రం కటౌట్ పాదాల దగ్గర ఒక రాయి మీద కూర్చుని కాసేపు పాడాడు. తర్వాత ఆగాడు.

అడవి ఊపిరి బిగబట్టింది. అడవిపంది ఎక్కిళ్ళు మింగింది.

ఎడమవైపు గడ్డిలో ఒక ఆకు కదిలింది.

కిర్రయ్య విన్నాడు. కాపలా ఉన్న ఒక కోతి కూడా వింది.

“ఎవరది? ఇక్కడ మౌనం జరుగుతుంటే ఆ గోలేంటి?” అంటూ గడ్డిలో చెయ్యి పెట్టి ఒక ఆడ కీచురాయిని బయటికి లాగింది. ఆమె పేరు సన్నమ్మ.

“పాట విని వచ్చానండీ” అంది సన్నమ్మ.

“పాట వినేవాళ్ళకు ఇక్కడేం పని?”

“ఆయన నన్ను రమ్మన్నట్టే పాడారు.”

“అందరూ అదే అంటారమ్మా. నడువు.”

కిర్రయ్య రాయి మీది నుంచి దూకాడు. “ఆమెను వదలండి. నేను ఆగింది ఆమె కోసమే.”

“నువ్వెవడివి?”

“కిర్రయ్యను.”

కోతి ఒకసారి కటౌట్ వైపు, ఒకసారి అతని వైపు చూసింది. “అధ్యక్షా, వీడు తానే అన్నననుకుంటున్నాడు.”

ఎలుగుబంటి మూతి తుడుచుకుంటూ వచ్చింది. “ఇంత చిన్నవాడు అంత పెద్ద మౌనం ఎలా పాటిస్తాడురా?”

నిరూపించుకోవడానికి కిర్రయ్య పాడాడు. అదే పొరపాటు.

ఈసారి కచేరీకి వచ్చిన గుడ్లగూబ కళ్ళు మూసుకుని విని, పెదవి విరిచింది. “కిర్రయ్యను అనుకరిస్తున్నాడు. అదీ పాత కిర్రయ్యను.”

నక్క అంతా చూసింది. అతన్ని అక్కడ గుర్తుపట్టగలిగింది అదొక్కటే. నోరు తెరవబోయి, కిక్కిరిసిన జనాన్ని చూసి మూసుకుంది. మౌనం బ్రహ్మాండంగా నడుస్తోంది.

కోతులు ఇద్దరినీ కలిపి కచేరీ చుట్టూ కట్టిన కంచె అవతలికి విసిరేశాయి.

సన్నమ్మ మీసాలు సరిచేసుకుంది. “రోజూ పాడేది మీరేనా?”

“నేనే. ఇన్నాళ్ళూ నా పాట వినబడలేదా?”

“వినబడేది. రోజూ కంచె దాకా వచ్చేదాన్ని. ఈలలకు భయపడి వెనక్కి పోయేదాన్ని.”

కిర్రయ్య ఆమె పక్కకు జరిగాడు. తర్వాత, “మళ్ళీ పాడనా?” అన్నాడు.

“మెల్లిగా పాడండి. పక్కనే ఉన్నానుగా.”

కంచెకు ఇవతల మహామౌనం సాగుతూనే ఉంది. ముందుగా లేస్తే అర్థం కాలేదనుకుంటారని ఎవరూ లేవలేదు. కటౌట్ కూడా ఎక్కడా తడబడలేదు. చివరికి అడవిపంది నిద్రలో పక్కకు ఒరిగితే, దాన్నే ముగింపుగా తీసుకుని అందరూ కళ్ళు తుడుచుకున్నారు. కిర్రయ్య జీవితంలో ఇంత గొప్ప కచేరీ లేదని గుడ్లగూబ రాసింది.

ఆ తర్వాత కిర్రయ్య ఏ కచేరీకీ వెళ్ళలేదు. కచేరీలు ఆగలేదు. సంఘం ఈమధ్యే పక్క అడవిలో శాఖ తెరిచింది.

నీతి: కళాకారుడు కొత్తదారి పట్టాలనుకుంటే, ముందు తన అభిమానులకు అడ్డం లేకుండా పక్కకు తప్పుకోవాలి.