మేడమీద ఆరడుగుల నీళ్ళు

ఆ రోజుకి రత్నకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా వంట ముగించడం, ఎనిమిదిన్నరకి భర్త జీవానందాన్ని పోస్టాఫీసుకి పంపడం, తొమ్మిదింటికి గుడ్డసంచీలో నాలుగు లాంగ్ నోటుబుక్కులు పెట్టుకుని కాలేజీకి వెళ్ళడం. యూనివర్సిటీ నుంచి రివ్యూ కమిటీ వస్తోంది. డిగ్రీ కోర్సులు ఎలా నడుస్తున్నాయో చూసి, అక్కర్లేదనిపించిన కోర్సును ఎత్తేస్తుందిట.

"నా దగ్గర పదకొండు మందే పిల్లలు. హోమ్ సైన్సు కన్నా అక్కర్లేనిది వాళ్ళకి ఇంకేం కనబడుతుంది?" అంది రత్నకుమారి, కుచ్చెళ్ళు సర్దుకుంటూ. "కోర్సు పోతే టెంపరరీ దాన్ని, నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు."

"రికార్డులన్నీ రాసి పెట్టుకున్నావుగా. భయమెందుకు?" అన్నాడు జీవానందం. ఆయన పోస్టల్ గుమాస్తా. రికార్డు ఉంటే మనిషికి ఏమీ కాదని ఆయన నమ్మకం.

ఆ రికార్డుల కథ ఇది. ప్రతి డిపార్ట్‌మెంటూ ఏడాదికి రెండుసార్లు కూర్చుని, పాఠాలు ఎలా సాగుతున్నాయో, పిల్లలేమంటున్నారో చర్చించి మినిట్స్ రాయాలని నాలుగేళ్ళ కిందట సర్క్యులర్ వచ్చింది. పర్మనెంటు లెక్చరర్లందరూ దాని మీద సంతకం పెట్టారు. రత్నకుమారి టెంపరరీ కనుక చదివింది కూడా.

ఆమె స్టాఫ్ రూములో అడుగుపెట్టేసరికి ప్రిన్సిపాల్ చలపతిరావు గారు రుమాలుతో మెడ తుడుచుకుంటున్నారు.

"కమిటీ మొట్టమొదట అడిగేది మినిట్సే. ఎవరెవరి దగ్గరున్నాయి?"

అందరూ పంకా వైపు చూశారు. చివరికి బోటనీ సైఫుల్లా గారు గొంతు సవరించుకున్నారు. "మేం చర్చించుకున్నామండీ. కాంటీన్లో. రాసుకోలేదంతే."

తక్కినవాళ్ళు కూడా కాంటీన్లోనే చర్చించుకున్నామన్నారు. అప్పుడు హెడ్ క్లర్క్ భూషణం తలుపు దగ్గర నుంచి నెమ్మదిగా అన్నాడు, "తుఫానులో పోయాయని చెబితే సరిపోదా సార్?"

డెబ్భై ఏడు నవంబరు తుఫాను దివిసీమను ఊడ్చిపెట్టేసింది. బందరులోని ఈ కాలేజీకి జరిగిన నష్టం మటుకు రెండు కిటికీ అద్దాలు, సైకిల్ స్టాండు మీది రేకులు. అయినా ఆ తరవాతి పదహారు నెలల్లో భూషణం ఆఫీసులో దొరకని కాగితమల్లా తుఫానులో పోయిన కిందే లెక్క. కిందటి నెల అతను పోస్టు చేయడం మరిచిపోయిన ఉత్తరాన్ని కూడా తుఫానే పట్టుకుపోయింది.

"భేషైన మాట," అన్నారు ప్రిన్సిపాల్ గారు. "అందరూ అదే చెప్పండి. ఒకటే మాట."

"మావి పోలేదండీ," అంది రత్నకుమారి.

"మీవీ పోయాయమ్మా."

"ఇవిగోనండీ, సంచీలో ఉన్నాయి."

"సంచీతో సహా పోయాయి." ఆయన గొంతు తగ్గించారు. "మీవొక్కటే ఉంటే తక్కినవాళ్ళవి ఏవని అడగరూ? కాలేజీ పరువు ఆలోచించండి. ఆ సంచీ కనబడకుండా పెట్టేసి, కమిటీ వారి భోజనాల సంగతి చూడండి. మీ పిల్లలు గోంగూర బాగా చేస్తారు."

కాలేజీకి ఎవరొచ్చినా హోమ్ సైన్సు వాళ్ళు వండాలి. వాళ్ళకి ఆ కాలేజీలో ఉన్న విద్యాపరమైన హోదా అది. రత్నకుమారి సంచీ పట్టుకుని వెనకవైపు పెంకుల షెడ్డుకి వెళ్ళిపోయింది. హోమ్ సైన్సుకి అసలు భవనంలో గది ఎప్పుడూ ఇవ్వలేదు. కిరసనాయిలు పొయ్యిలు, కుట్టుమిషను, బ్లాక్‌బోర్డు, పదకొండు మంది పిల్లలు, అన్నీ ఆ షెడ్డులోనే.

కమిటీ పదకొండింటికి వచ్చింది. ముగ్గురు. అధ్యక్షుడు ప్రొఫెసర్ ప్రకాశరావు గారు సన్నగా, మృదువుగా మాట్లాడే మనిషి. ఎదటివాళ్ళు ఏం చెప్పినా "అలాగాండీ" అని, దాన్ని ఒక్క అక్షరం పొల్లుపోకుండా రాసుకోవడం ఆయన అలవాటు. అంతకన్నా ప్రమాదకరమైన అలవాటు ఇంకొకటి ఉండదని చలపతిరావు గారికి అప్పటికి తెలియదు.

ఎకనామిక్స్ మినిట్స్ తుఫానులో పోయాయి. అలాగాండీ. చరిత్ర మినిట్స్ పోయాయి. అలాగాండీ. సైఫుల్లా గారు ఉత్సాహం కొద్దీ మినిట్స్‌తో పాటు హాజరు పట్టీలు, ఎండబెట్టి అంటించిన మొక్కల ఆల్బములు కూడా పోగొట్టారు.

"ఏ సంవత్సరానివండీ?" అన్నారు ప్రొఫెసర్ గారు.

"అన్నీనండీ. కిందటేడాదివి కూడా."

"తుఫాను అంతకు ముందేడు కదండీ వచ్చింది?"

సైఫుల్లా గారు ఒక్క క్షణం పైకి చూశారు. "అప్పటి చెమ్మకి చెదలు పట్టాయండీ. ఆ చెదలు వీటికి ఎక్కాయి. తుఫాను చెదలు మామూలువి కావండీ."

"అలాగాండీ," అని ప్రొఫెసర్ గారు తుఫాను చెదలు అని రాసుకున్నారు. "ఇంతకీ మీ రికార్డు రూము ఎక్కడుంది?"

"మేడమీదండీ," అనేశారు ప్రిన్సిపాల్ గారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

"మేడమీదకి నీళ్ళొచ్చాయా?"

"వచ్చాయండీ." వెనక్కి వెళ్ళే దారి లేదు.

"ఎంతమేర?"

"ఆరడుగులు."

"అయ్యయ్యో. భోజనం కాగానే ఒకసారి చూద్దాం."

రికార్డు రూములో కట్టినప్పటి నుంచీ పేరుకున్న దుమ్ము ఉంది, తడి మాత్రం లేదు. కమిటీ ఆకుల ముందు కూర్చోగానే భూషణం అటెండరు మత్తయిని వెతుక్కుంటూ పరిగెత్తాడు. మత్తయిది నాగాయలంక అవతల చిన్న పల్లె. తుఫాను తరవాత అతనికి అక్కడ ఇల్లూ లేదు, ఇంట్లో మనుషులూ లేరు.

"మత్తయ్యా, బావి దగ్గర్నుంచి నీళ్ళు మోసి రికార్డు రూము తడపాలి. గోడలు కూడా. త్వరగా."

"ఎందుకండీ?"

"తుఫాను వచ్చినట్టు కనబడాలి."

మత్తయి అతని మొహంలోకి చూశాడు. "ఒకసారి చూశానండీ. మళ్ళీ నా చేత్తోనే తెప్పిస్తారా?"

"నీకెందుకయ్యా అదంతా? ఆరడుగుల దాకా తడుపు. ప్రిన్సిపాల్ గారు అలా చెప్పేశారు."

"మేడమీద ఆరడుగులా?" అన్నాడు మత్తయి బొక్కెన అందుకుంటూ. "అంత వస్తే, ఈ సంగతి చెప్పడానికి బందరులో ఎవరూ మిగలకూడదండీ."

అయినా ఉద్యోగం ఉద్యోగమే. అతను పద్ధెనిమిది బొక్కెనలు మోశాడు. చాలని భూషణం అనలేదు, మత్తయి అడగలేదు. ఆ మేడ చెక్క దూలాల మీద ఇటుకా సున్నమూ పరిచి కట్టిన పాతకాలపు మేడ. రికార్డు రూముకి సరిగ్గా కింద ప్రిన్సిపాల్ గారి గది. ఆ గదిలోనే కమిటీ భోజనం చేస్తోంది.

మొదటి చుక్క ప్రొఫెసర్ గారి పప్పులో పడింది. రెండోది కళ్ళజోడు మీద. ఆయన తలెత్తి చూసేలోగా అరచేయంత సున్నపు పెచ్చు ఊడి గోంగూర గిన్నెలో కూర్చుంది. బయట మార్చి నెల ఎండ మండిపోతోంది.

"ఇవేం నీళ్ళండీ?"

ప్రిన్సిపాల్ గారికి ఆ క్షణాన ఒకే ఒక్క మాట తోచింది. పొద్దుటి నుంచి అలవాటైన మాట. "తుఫాను నీళ్ళేనండీ."

"ఇంకా దిగుతున్నాయా?"

"కొద్దికొద్దిగా దిగుతున్నాయండీ."

ప్రొఫెసర్ గారు ఎడమ చేత్తో కలం తీసి అదీ రాసుకున్నారు. ఈలోగా ధార లావైంది. కాగితాలు తడుస్తున్నాయి. కమిటీ విస్తళ్ళు చేతపట్టుకుని, పొడిగా ఉన్న చోటేదని అడిగితే, భూషణానికి ఆ ఆవరణలో పెంకుల షెడ్డు ఒక్కటే కనబడింది.

రత్నకుమారి గబగబా పీటలు వేయించి, మళ్ళీ వేడన్నం వడ్డించింది. ప్రొఫెసర్ గారు మజ్జిగ దాకా వచ్చాక అడిగారు.

"మీ మినిట్స్ కూడా పోయాయాండీ అమ్మా?"

ఆయన వెనక నుంచి చలపతిరావు గారు కళ్ళతోనూ, కనుబొమలతోనూ, చివరికి రెండు చేతులతోనూ పోయాయని చెబుతున్నారు. పిల్లలు పదకొండు మందీ గరిటెలు పట్టుకుని టీచరు వైపు చూస్తున్నారు. పోయాయంటే కమిటీ కోర్సు ఎత్తేస్తుంది. ఉన్నాయంటే ప్రిన్సిపాల్ గారు తననే ఎత్తేస్తారు. ఎలాగూ పోయే ఉద్యోగం, పిల్లల చదువైనా మిగులుతుందనుకుంది రత్నకుమారి.

"పోలేదండీ. ఉన్నాయి."

సంచీ బియ్యం డబ్బా వెనక నుంచి బయటికొచ్చింది.

"అందరివీ పోయి మీవెలా మిగిలాయి?"

"నాకు ఇక్కడ బీరువా లేదండీ. నాలుగుసార్లు అర్జీ పెట్టాను. టెంపరరీ వాళ్ళకి బీరువా ఇవ్వరన్నారు భూషణం గారు. అందుకని ఇంట్లో, అటకమీద పెట్టుకుంటాను."

భూషణానికి దగ్గొచ్చింది. ప్రొఫెసర్ గారు నోటుబుక్కు తెరిచారు. 'గ్యాసు పొయ్యి మీద వంట పాఠంలో ఉంది. మా ఇళ్ళలో ఊకపొయ్యిలు. వాటి మీద నేర్పండి అని పిల్లలు కోరారు. నేర్పడమైనది.' ఆయన పేజీలు తిప్పారు. డెబ్భై ఏడు డిసెంబరు. 'హాజరు ఏడుగురు. దివిసీమ వాళ్ళు ముగ్గురు ఇంకా రాలేదు. రూతు ఇక రాదు. జబ్బు మనుషులకు పెట్టే ఆహారం, నీళ్ళు శుభ్రం చేయడం సిలబస్‌లో చివరన ఉన్నాయి. వాటిని ముందుకు తెచ్చి, సహాయ శిబిరంలోనే పాఠం చెప్పడమైనది.'

ఆ పేజీ చదివి ఆయన తలెత్తారు. గుమ్మం దగ్గర ఖాళీ బొక్కెనతో నిలబడ్డ మత్తయి, తడిసిన పంచె, ఆయన కంటబడ్డాయి. ఆయన మత్తయిని ఏమీ అడగలేదు. మేడమీదకి వెళ్ళి చూస్తామనీ మళ్ళీ అనలేదు.

"అన్నీ వివరంగా చెప్పారు. సంతోషం," అని ప్రిన్సిపాల్ గారికి నమస్కారం పెట్టి కారెక్కారు.

"గట్టెక్కాం," అన్నారు చలపతిరావు గారు. తరవాత రత్నకుమారి వైపు తిరిగి, "మీ సంగతి ఉత్తర్వులొచ్చాక చూస్తాను," అన్నారు.

ఉత్తర్వులు మే నెలలో వచ్చాయి. కమిటీ ఎవరినీ తప్పు పట్టలేదు. ఎవరేం చెబితే అదే రాసింది. ప్రిన్సిపాల్ గారు స్వయంగా వివరించినట్టు మేడమీద ఆరడుగుల నీరు నిలిచినందువల్లనూ, ఆ నీరు నేటికీ కిందికి దిగుతున్నందువల్లనూ, అసాధారణమైన చెదలు వ్యాపించినందువల్లనూ భవనం తరగతులకు పనికిరాదు. మరమ్మతులయ్యే దాకా, రికార్డులు పోయిన కోర్సులన్నీ లెక్చరర్లతో సహా గుడివాడలోని ఒక కాలేజీలో నడపాలి. విడిగా షెడ్డులో నడుస్తూ, సిలబస్‌ను ఏటేటా సమీక్షించుకుంటున్న హోమ్ సైన్సు శాఖ మాత్రం, ప్రస్తుత అధ్యాపకురాలి ఆధ్వర్యంలోనే, ఉన్నచోటే కొనసాగాలి.

"నీళ్ళు రాలేదని తిరిగి రాద్దామా సార్?" అన్నాడు భూషణం.

"రాలేదంటే ఆ ప్రొఫెసరు రికార్డులు పట్టుకురమ్మంటాడయ్యా!"

జూన్ నుంచి పర్మనెంటు లెక్చరర్లందరూ పొద్దున్నే బస్సు పట్టుకుని గుడివాడ వెళ్తున్నారు. దారంతా సిలబస్ మీద కాకుండా సైఫుల్లా గారి చెదల మీద చర్చ జరుగుతోంది. భవనానికి తాళం పడింది కనుక ప్రిన్సిపాల్ గారి బల్ల కూడా షెడ్డులోకి వచ్చింది. కుట్టుమిషనుకీ, కిరసనాయిలు పొయ్యిలకీ మధ్యన. రత్నకుమారి ఉద్యోగం నిలిచింది, టెంపరరీగానే.

జూలైలో ఒక రోజు చలపతిరావు గారికి చలీ జ్వరమూ వచ్చాయి. శాలువా కప్పుకుని సెలవు చీటీ రాస్తూ అడిగారు.

"నేను లేనప్పుడు ఛార్జి ఎవరికివ్వాలయ్యా, భూషణం?"

భూషణం రూల్సు పుస్తకం తిరగేశాడు. "కాలేజీలో ఉన్న లెక్చరర్లలో సీనియరుకండీ."

"ఎవరున్నారు?"

భూషణం షెడ్డంతా కలయజూశాడు. బ్లాక్‌బోర్డు మీద రాస్తున్న రత్నకుమారి చాక్‌పీసు ఆపి వెనక్కి తిరిగింది.

"పర్లేదండీ, మీరెళ్ళి పడుకోండి," అంది. "కాలేజీ సంగతి నేను చూసుకుంటాను."

ప్రిన్సిపాల్ గారు చీటీని నాలుగు ముక్కలు చేసి జేబులో పెట్టుకున్నారు. ఆ ఏడాదంతా ఆయన నూట మూడు జ్వరంతో కూడా కాలేజీ మానలేదు.