ఎల్లమ్మ కాలు, నలభై మంది క్రెడిట్లు

"రోగి పక్కన గడిపిన ప్రతి గంటా చదువే" అని వైద్యవిద్యా మంత్రి సోమేశ్వరరావు గారు మాదాపూర్‌లో ఒక కన్వెన్షన్ హాల్లో ప్రకటించగానే చప్పట్లు మోగిపోయాయి. రజిత కూడా కొట్టింది. ఆమె చదివే నర్సింగ్ కాలేజీ హైటెక్ సిటీలో ఒక అద్దాల టవర్ తొమ్మిదో అంతస్తులో ఉంది. అందులో బీన్ బ్యాగులున్నాయి, కాఫీ మెషిన్ ఉంది, మొహం చూసి హాజరు వేసే కెమెరా ఉంది. ఆస్పత్రి ఒక్కటే లేదు. మూడు క్లినికల్ గంటలకు ఒక క్రెడిట్, క్రెడిట్లు నిండితేనే పరీక్ష అని నిబంధన. ఇంత పెద్ద చిక్కును మంత్రిగారు ఒక్క వాక్యంతో విప్పేశారు. రోగి ఇంట్లోవాళ్లయినా సరేనట.

రజిత అదృష్టవంతురాలు. ఆ వారమే వాళ్లమ్మ ఎల్లమ్మ, ఒక ఐటీ ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేస్తూ తడి నేల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. బోరబండలో ఒంటిగది ఇంట్లో అమ్మ మంచం పక్కన కూర్చునే రజిత క్లాస్ ఫస్టుకు ఎగబాకింది.

ఆమె క్లాస్‌మేట్ నీహారికకు ఆ యోగం లేదు. "మా నాన్నగారు రోజూ యోగా చేస్తారండి. ఎంత చెప్పినా మానరు" అని ప్రిన్సిపాల్ సీతారామాంజనేయులు గారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది.

ప్రిన్సిపాల్ గారిది వెన్నలాంటి మనసు. మర్నాడే క్లాసు మొత్తాన్ని బస్సెక్కించి బోరబండ పంపారు. ఎల్లమ్మ గుమ్మానికి 'టీచింగ్ హాస్పిటల్' అని ఫ్లెక్సీ కట్టించారు. నలభై మంది వంతులవారీగా ఎల్లమ్మను చూశారు. చూడడం వరకే. బీపీ మిషన్ అరిగిపోతుందని కాలేజీ బీరువాలోనే ఉంచారు.

ఇంతలో ఎల్లమ్మ కాలు ఎవరినీ అడక్కుండా అతుక్కుపోయింది. కట్టు విప్పేశారు.

"ఇగ నేను పనికి పోత. పండుకోని పండుకోని నడుము పట్టేసింది" అంది.

ప్రిన్సిపాల్ గారు యాపిల్ పళ్లతో వచ్చారు. "మీరు నడిస్తే పిల్లల భవిష్యత్తు ఆగిపోతుందండి. పరీక్షల దాకా ఓపిక పట్టండి."

"కాలు మంచిగైంది కద సారూ."

"అదేనండి సమస్య."

ఎల్లమ్మ కూతురి వైపు చూసింది. నలభై మందితో వంతులు పంచుకోవడంతో రజితకు ఇంకా ఒక్క క్రెడిట్ తక్కువ. ఈసారి పరీక్ష తప్పితే ఖాయమైన ఉద్యోగం పోతుంది.

"జర నాలుగు రోజులే అమ్మా" అంది రజిత. నడవగలిగే అమ్మను పడుకోమని అడుగుతున్నందుకు ఆమెకు చచ్చేంత సిగ్గేసింది. ఎల్లమ్మ దుప్పటి కప్పుకుంది.

ఈ వినూత్న ఆస్పత్రిని చూడడానికి మంత్రిగారు స్వయంగా, కెమెరాలతో సహా వచ్చారు. గది ఇరుకు, ఒకటే ఉక్క. "ప్రపంచమంతా మన దిక్కే చూస్తున్నది" అంటూనే ఆయన ఛాతీ పట్టుకుని కూలబడ్డారు. ఎల్లమ్మ గభాలున లేచి మంచం ఖాళీ చేసింది.

"పక్క గల్లీలనే బస్తీ దవాఖాన ఉంది సారూ" అంది.

"అది మీ కోసం కట్టించిందమ్మా" అన్నారు మంత్రిగారు ఆయాసపడుతూ.

రజిత నాడి చూద్దామని చెయ్యి చాపింది.

"ఏ ఇయర్ బిడ్డా నువ్వు?"

"ఫైనలియర్ సార్."

"పని ఏడ నేర్చుకున్నవ్?"

"గీ మంచం పక్కన్నే సార్."

మంత్రిగారు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "వీళ్లెవ్వరు నన్ను ముట్టొద్దు. అసలు నర్సున్న అంబులెన్సు పిలిపియ్యుండ్రి."

అంబులెన్సు గచ్చిబౌలిలో బయలుదేరింది. వాన కూడా అప్పుడే మొదలైంది. ఫ్లైఓవర్ కింద నీళ్లు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయని కబురొచ్చింది. అది వచ్చేదాకా కదిలించవద్దని మంత్రిగారి డాక్టరు ఫోన్లో చెప్పారు. రజితకు భయమేసింది. మంత్రిగారు చెయ్యి ఇచ్చి ఉన్నా నాడి ఎక్కడ పట్టుకోవాలో తనకు సరిగ్గా తెలియదు.

ప్రిన్సిపాల్ గారు గొంతు తగ్గించి, "రోగిని ముట్టుకోవాలని నిబంధనలో ఎక్కడా లేదు. అందరూ చుట్టూ కూర్చోండి" అన్నారు. కాలేజీ నుంచి తెచ్చిన హాజరు కెమెరా ఆన్ చేశారు.

అందరూ కూర్చున్నారు.

అంబులెన్సు వచ్చేసరికి రజితకు ఆ ఒక్క క్రెడిట్ నిండింది.