ఇచ్చిపుచ్చుకున్న ఉపన్యాసాలు

మన్మథరావు ఆ ఉదయం పళ్లు తోముకుంటూనే మనసులో తీర్మానం నెగ్గించేశాడు. పలాసలో తమ జీడిపప్పు వర్తకుల సంఘానికి అధ్యక్షుడయ్యాక ఇదే అతని మొదటి సభ. వీధివీధికీ నిఘా కెమెరా పెట్టాలి. దానివల్ల ఎవరి పరువు పోయినా, బిగించిన కంపెనీ మీద కేసు వేయరాదు. నిరుడు అప్పటి అధ్యక్షుడు జగన్నాథరావు ఇదే తీర్మానం తెస్తే గొంతు చించుకుని ఓడించింది కూడా మన్మథరావే.

"అప్పుడొద్దన్నారు గదా," అంది భార్య సత్యవేణి.

"అప్పుడు ఆల్లు సూసేవోరు. ఇప్పుడు మనం సూత్తాం."

సత్యవేణి పెరట్లో పన్నెండుమంది ఆడవాళ్లు కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తారు. కెమెరా స్తంభం సరిగ్గా ఆ పెరటి గోడకే వస్తోంది. "మా నెత్తి మీద కన్నెడితే మేం రాం, అమ్మా," అని వాళ్లలో పెద్దది వరహాలు ముందే చెప్పేసింది. ఆ సంగతి ఎత్తబోతే మన్మథరావు, "ఉపన్యాసం రాసీసేవా?" అన్నాడు. అతనికి రాసిపెట్టేది ఆమే.

అంతలో పెరటి గుమ్మంలోంచి జగన్నాథరావు భార్య కామేశ్వరి వచ్చింది.

"వదినా, మీ ఆయన నిరుడు సదివిన కాయితం ఉందేటి? మా ఆయన ఈ పాలి వద్దనాలట."

"ఉంది. మీ ఆయనది ఇలాగియ్యి. మాకిప్పుడు అదే గావాల."

కాగితాలు చేతులు మారాయి. లోపల పేర్లు దిద్దుకోమని ఇద్దరూ భర్తలకు చెప్పారు. భర్తలిద్దరూ తలూపి జేబులో పెట్టుకున్నారు. భార్య మాటకు తలూపడం వాళ్లకు అలవాటు. వినడం వేరే పని.

సభలో మన్మథరావు గొంతు సవరించుకుని ధారాళంగా చదివాడు. "ఇది మీ జగన్నాథరావు ముందుచూపు. దీన్ని కాదంటున్న మన్మథరావు దొంగలకు చుట్టం."

అతని మనిషి రామూర్తి లేచాడు. "ఏటి మావా, ఆ పార్టీలోకి ఎప్పుడు దూకేసేవు? మాకో మాట సెప్పొద్దేటి?"

జగన్నాథరావు పగలబడి నవ్వి, ఆ నవ్వుతోనే తన కాగితం విప్పాడు. "మన గడపల్లోకి తొంగిచూసే కంపెనీకి జగన్నాథరావు అమ్ముడుపోయాడు," అని బల్ల గుద్దాక గానీ నవ్వు ఆగలేదు.

ఓటింగు జరిగింది. జగన్నాథరావు వర్గం అనుకున్న ప్రకారమే వద్దంది. నాయకుడు గోడ దూకాడన్న కోపంతో మన్మథరావు వర్గమూ వద్దంది. తీర్మానానికి అనుకూలంగా లేచిన చెయ్యి ఒక్కటే, అధ్యక్షుడిది. కెమెరాలు బిగించడానికి వచ్చిన కంపెనీ మనిషి తీగలు చుట్టుకుని రైలెక్కాడు. సత్యవేణి పెరట్లో పని ఒక్కపూట కూడా ఆగలేదు.

ఇకమీదట సభలో ఎవరూ కాగితం చూసి చదవరాదని ఆ సాయంత్రమే రెండు వర్గాలూ కలిసి తీర్మానించాయి. సంఘం పుట్టాక ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే.