రెండు ఆషాఢాల దశమి

మొగల్తూరులో పంచాంగం చెప్పే సూర్యప్రకాశం గారు అడిగినదానికి తప్ప మరోదానికి జవాబు చెప్పే మనిషి కాదు. ఆ ఒక్క గుణంతోనే ఆయన అమ్మిరాజు కొంప ముంచారు. అడగని ముక్క ఒకటి అదనంగా చెప్పి ఉంటే ఆయన నోటి ముత్యాలేమీ రాలిపోయేవి కావు.

ఆ ఉదయం అమ్మిరాజు వేసుకున్న పథకంలో తిరకాసేమీ లేదు. నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న వాళ్ల పాలెంలో ఏటా ఆషాఢ శుద్ధ దశమి పాటల రోజు. పందొమ్మిదేళ్ల కిందట ఆ దశమినాడే అమ్మిరాజు తండ్రి వీరబ్రహ్మం పడవ పాటను మేళంగా కట్టి రేవులో మొదటిసారి పాడాడు. ఆ దశమినాడే, ఇప్పుడు అతనికి పోటీగా ఉన్న బంగార్రాజు తండ్రి పల్లంరాజు ఊళ్లోకి మొదటి హార్మోనియం దించాడు. ఇద్దరూ పోయారు. రోజు ఒకటే కావడంతో మొదటి పాట ఎవరి ఇంటిదన్న తగవు మాత్రం పోలేదు. మూడేళ్లుగా ఊరి పెద్దలు హార్మోనియం మోజులో పడి మొదటి పాటను బంగార్రాజుకే ఇస్తున్నారు. తండ్రి పాటను రెండో పాటగా పాడవలసి రావడం అమ్మిరాజుకు గొంతులో ముల్లు. ఈసారి ఏడు పాలేలకూ తానే ముందుగా తాంబూలం పంపితే, పిలిచినవాడికి మొదటి పాట దక్కక తప్పదని అతని ఎత్తు.

"ఆషాఢ శుద్ధ దశమి ఎప్పుడు పడిందండి?" అని వెళ్లి అడిగాడు.

"వచ్చే బుధవారం" అన్నారు సూర్యప్రకాశం గారు తల ఎత్తకుండా.

తాంబూలాలు వెళ్లాయి. మూడోనాడు చేపలమ్మి వచ్చిన భార్య లోవలక్ష్మి తట్ట దించకుండానే అందుకుంది. "ఏంటి మావా, ఈ ఏడు రెండు ఆషాఢాలంట కదా? నువ్వు పిలిచింది అధికమాసంలోకంట. బంగార్రాజు రేవులో చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నాడు."

అమ్మిరాజు మొగల్తూరు పరుగెత్తాడు.

"ఒక్క మాట చెప్పారు కాదేంటండి?"

"ఏ ఆషాఢమని నువ్వడిగావు గనకనా? అధికంలో శుభకార్యాలు పనికిరావు. నీ దశమి వచ్చే నెల."

అమ్మిరాజు ఆ మధ్యాహ్నమే ఏడు పాలేలకూ మనిషిని పంపించాడు. బుధవారం రావద్దని చెప్పి, ఇచ్చిన తాంబూలాలు వెనక్కి తెమ్మన్నాడు. ఎందుకని ఎవరైనా అడిగితే నోరు మెదపొద్దన్నాడు, పరువు పోతుందని. కంగారులో అతను మరచిపోయిందేమిటంటే, పిలిచిన ఇల్లు తాంబూలం వెనక్కి అడిగిందంటే ఆ పాలేల్లో ఒకటే అర్థం. ఆ ఇంట్లో చావు పడింది. వెళ్లినవాడు నోరు మెదపకపోవడంతో ఆ చావు అమ్మిరాజుదేనని ఏడు పాలేలూ తేల్చుకున్నాయి.

బుధవారం పొద్దున అమ్మిరాజు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. రేవులో పడవలు వరసగా ఆగాయి. ముందు ఆడవాళ్లు దిగారు, వెనక మద్దెలలతో, తాళాలతో మగవాళ్లు. పాటగాణ్ణి పాటతోనే సాగనంపాలని మేళాలన్నీ కట్టుకుని వచ్చారు.

"ఓరి నాయనా అమ్మిరాజా, మమ్మల్నొదిలి పోయావురా" అంటూ అవతలి ఒడ్డున కూతురి దగ్గరుంటున్న మేనత్త తలుపులమ్మ గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"నేనెక్కడికీ పోలేదత్తా" అన్నాడు అమ్మిరాజు.

ఆవిడ ఏడుపు ఆపి, కిందా మీదా చూసి, వీపు మీద ఒక్కటిచ్చింది. "చావనివాడివి చావు కబురెందుకు పంపావురా? పదేళ్లయింది నేను గోదారి దాటి."

అమ్మిరాజు నెత్తి గోక్కుంటూ జరిగినదంతా చెప్పాడు. ఈలోగా బంగార్రాజు హార్మోనియం మోయించుకుని తయారయ్యాడు. "శవం లేచి కూర్చుంది చూశారాండి? దశమి ఇది కాదండి. వచ్చే నెల రండి, మొదటి పాట నాది."

తలుపులమ్మ గిర్రున తిరిగింది. "ఇది కాదని నీకెవరు చెప్పార్రా? పందొమ్మిదేళ్ల కిందట, ఆ ఏడాది కూడా రెండు ఆషాఢాలే. మా అన్న పాడింది మొదటి దాంట్లో. అప్పటికి ఏరు తేటగా ఉంది, పులస ఊసే లేదు. మీ నాన్న హార్మణీ దించింది రెండోదాంట్లో. అప్పటికి వరద ఎర్రనీరొచ్చింది, ఆ పూట పులస పులుసు పెట్టి అందరికీ వడ్డించింది నేనే. ఒక రోజేంటి, మధ్యన నెల తేడా ఉంది."

జనం గోదావరి వైపు చూశారు. నీరు తేటగా ఉంది. ముసలివాళ్లు ఒక్కొక్కరే తలలాడించారు.

"మేనల్లుడికి మేనత్త సాక్ష్యమాండి? ఇంకెవరూ దొరకలేదా?" అని బంగార్రాజు పెద్దగా నవ్వాడు.

"నవ్వకు. ఆ రోజు పాటకి మద్దెల కొట్టింది మీ నాన్నే. ఆ సంబరంలో మా అన్న కాలవగట్టు కొబ్బరితోట పల్లంరాజుకి ఇచ్చేశానని చేతిలో నీళ్లు వదిలాడు. మర్నాడు మా వదిన చీపురు తీసింది. దాంతో ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు."

బంగార్రాజు ముఖంలో నవ్వు పోయి భక్తి వచ్చింది. "పెద్దావిడండి. ఆవిడకి అబద్ధమాడే పనేంటి? పైగా అధికమాసంలో చేసిన దానానికి తిరుగులేదని సూర్యప్రకాశం గారే అన్నారు."

అందరూ అమ్మిరాజును చూశారు. అత్త మాట అబద్ధమంటే తోట మిగులుతుంది, తండ్రి పాట ఎప్పటికీ రెండోదే. నిజమంటే పాట మొదటిది, తోట బంగార్రాజుది.

లోవలక్ష్మి మెల్లగా అంది. "ఆ కాయలమ్మితేనే వానాకాలం మనకి గంజి. చూసి మాట్లాడు మావా."

అమ్మిరాజు వల పక్కన పెట్టి లేచాడు.

"మా అత్త చెప్పింది అక్షరాలా నిజమండి" అన్నాడు.

నేరుగా రేవుకు నడిచి, పడవ బల్ల ఎక్కి తండ్రి పాట ఎత్తుకున్నాడు. తనను సాగనంపడానికి వచ్చిన ఏడు మేళాలూ ఒక్కసారిగా అందుకున్నాయి. అవతలి ఒడ్డున పడవలవాళ్లు తెడ్లు ఆపి విన్నారు. లోవలక్ష్మి చెంగుతో కళ్లు తుడుచుకుంటూనే తాళం వేసింది. బంగార్రాజు వెనక వరసలో చతికిలబడి, అడగకుండానే శ్రుతి పట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. అప్పుడు ఊరి పెద్దలు లేచి, మొదటి పాట వీరబ్రహ్మం ఇంటిదనీ, హార్మోనియం దాని వెనకాలేననీ, తరతరాలకూ ఇదే కట్టుబాటనీ ఏడు పాలేల ఎదుట చెప్పారు. అమ్మిరాజును భుజాల మీద ఎక్కించుకుని ఇంటికి తెచ్చారు.

పోయింది ముప్పై రెండు సెంట్ల తోట, అందులో కాపుకొచ్చిన చెట్లు ఇరవై ఒకటి.